పలకని పలక

బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో వీణలు చేసే పనివారు పనసమానును ఎంచుకుంటారు. దాన్ని తొలిచి, చెక్కి, పలచన చేసి, తీగ మీటగానే కర్ర కూడా దానితో పాటు కంపించేలా తీర్చిదిద్దుతారు. తీగ సన్నది, ఒంటరిగా గాలిని పెద్దగా కదపలేదు. దాని తరఫున మాట్లాడేది చెక్కే. మృదంగానికీ పనసకర్రే వాడతారు. వాద్యాలు చేసేవారి విద్య అంతా చెక్క చేత పలికించడంలోనే ఉంది.

స్పీకరు పెట్టె చేసేవాడి కోరిక దీనికి సరిగ్గా తలకిందులు. అతని చెక్క నోరు మెదపకూడదు. స్పీకరు ఏం చెబితే అదే వినపడాలి, పెట్టె తన సొంత మాట ఒక్కటి కూడా కలపకూడదు. అనడానికి తేలికే కానీ, ఈ ఒక్క కోరిక తీరడానికి సుమారు అరవయ్యేళ్ళు పట్టింది. అదీ పూర్తిగా తీరిందని చెప్పలేం.

కొన్నాళ్ళ క్రితం పన్నెండంగుళాల సబ్‌వూఫరు స్పీకరు ఒకటి కొని, దానికి 60 లీటర్ల మూసిన పెట్టెను సొంతంగా కట్టుకోవాలని పూనుకున్నాను. కొలతలు ఒక సాయంత్రంలో తేలిపోయాయి. లోపల అడ్డబద్దలు ఎన్ని వేయాలి, ఎక్కడ వేయాలి అన్న దగ్గర మాత్రం ఒక్కొక్కరూ ఒక్కో మాట చెప్పారు. ప్లైవుడ్ దుకాణంలో "మందం ఎక్కువది తీసుకోండి, ఇంకేం అక్కర్లేదు" అన్నారు. ఒక మిత్రుడు లోపలంతా తారు అట్ట అంటించమన్నాడు. పలకలు కోసిపెట్టిన వడ్రంగి నా కాగితం మీది బొమ్మను చాలాసేపు చూసి, "మూత బిగించాక ఎవరికీ కనపడనిదానికి ఇన్ని బద్దలెందుకు సార్?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. చదువుతూ పోతే ఈ ముగ్గురి మాటల వెనకా ఒక్కో చరిత్ర ఉందని తెలిసింది. ఈ టపా ఆ చరిత్ర కోసం.

*

అసలు పెట్టె ఎందుకు? అయస్కాంతం మధ్య తీగచుట్ట కదిలే పద్ధతికి జర్మనీలో ఎర్న్‌స్ట్ సీమెన్స్ 1874లోనే పేటెంటు తీసుకున్నాడు, కానీ అప్పటికి దాన్ని పలికించే యాంప్లిఫయరు లేదు. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థకు చెందిన చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ 1925లో ప్రచురించిన పరిశోధనాపత్రంతో నేడు మనం ఎరిగిన స్పీకరు రూపుదిద్దుకుంది. కాగితపు శంకువు ముందుకు కదిలినప్పుడు ముందున్న గాలి నొక్కుకుంటుంది, అదే క్షణంలో వెనకున్న గాలి పలచబడుతుంది. అడ్డు లేకపోతే ముందరి గాలి అంచు చుట్టూ తిరిగి వెనక ఖాళీని నింపేస్తుంది. ఒకదాన్నొకటి కొట్టేసుకుని మంద్రస్వరం మాయమౌతుంది. అందుకే ముందుకూ వెనక్కూ మధ్య ఒక అడ్డుపలక కావాలి.

ఆ పలక ఎంత పెద్దదై ఉండాలి? 30 హెర్ట్జ్ శబ్దానికి తరంగదైర్ఘ్యం దాదాపు పదకొండున్నర మీటర్లు. దానికి తగిన అడ్డుపలక అంటే ఇంటి గోడే. కనుక పలకను నాలుగు వైపులా వెనక్కి మడిచారు, అదే పెట్టె అయింది. మన ఇళ్ళలో ఒకప్పుడు వెలిగిన వాల్వు రేడియోలు ఇలా మడిచిన పలకలే. వెనక చిల్లుల అట్ట తప్ప మూత ఉండేది కాదు. వాల్వుల వేడి పోవడానికి అది అవసరం కూడా. ఆ కర్ర పెట్టె కొంత తనూ పలికేది, వార్తలు చదివేవారి గొంతుకు ఒక గుమ్మటపు గాంభీర్యం వచ్చేది. ఆ గాంభీర్యంలో కొంత వాటా చెక్కదని అప్పట్లో ఎవరూ అనుకోలేదు. ఇప్పటికీ పాత రేడియో గొంతును తలచుకుని మురిసిపోయేవారికి నేనీ సంగతి చెప్పను.

బెల్ ప్రయోగశాలలో ఆల్బర్ట్ థురాస్ ఇంకొక దారి పట్టాడు. శంకువు వెనక పుట్టే శబ్దాన్ని పారబోయడం దేనికి, పెట్టెకు ఒక కన్నం పెట్టి దాన్నీ వాడుకుందాం అన్నాడు. ఖాళీ సీసా మూతి మీద ఊదితే ఒకే స్వరం మోగుతుంది కదా, పెట్టెనూ అలాంటి సీసాగా మార్చి, స్పీకరు నీరసపడే చోట ఆ కన్నం అందుకునేలా చేశాడు. దీనికి 1932లో పేటెంటు వచ్చింది. కానీ కన్నం ఎంత, పెట్టె ఎంత అన్నది మరో ముప్పయ్యేళ్ళ పాటు చేతివాటం మీదే నడిచింది. పెట్టె గోడల గురించి ఇంకా ఎవరికీ పట్టలేదు.

*

గోడల గురించి గట్టిగా పట్టించుకున్నవారిలో నాకు బాగా నచ్చిన మనిషి గిల్బర్ట్ బ్రిగ్స్. ఈయన ఇంజనీరు కాదు. ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డ్‌లో బట్టల వ్యాపారంలో ఉండేవాడు, పియానో అంటే ప్రాణం. 1932లో యార్క్‌షైరులోని ఇల్‌క్లీలో తన ఇంటి నేలమాళిగలో స్పీకర్లు చేయడం మొదలుపెట్టాడు. ఆ ఊరు వార్ఫ్ నది లోయలో ఉంది గనుక సంస్థకు వార్ఫ్‌డేల్ అని పేరు పెట్టుకున్నాడు. 1948లో లౌడ్‌స్పీకర్ల మీద చిన్న పుస్తకం రాశాడు, సామాన్యుడికి అర్థమయ్యే భాషలో, చక్కటి హాస్యంతో. పెట్టెలు సొంతంగా కట్టుకునే ఒక తరం ఆ పుస్తకాలు చదివే తయారైంది.

బ్రిగ్స్ తన చెవినీ పియానోనూ నమ్ముకున్నాడు. పియానో మంద్రస్వరం ఎలా ఉంటుందో బాగా తెలిసినవాడు గనుక, స్పీకరులో అది విన్నప్పుడు కలిసే కర్ర గొంతును పట్టేయగలిగాడు. మరి దాన్ని నోరు మూయించడమెలా? ఒక మూలన రెండు గోడల మధ్య ఇటుకలతో పెట్టె కట్టమన్నాడు. అది కుదరనివారికి ఇసుక పలక చెప్పాడు. రెండు పలచని ప్లైవుడ్ పలకల మధ్య ఖాళీ వదిలి, అందులో బాగా ఎండిన ఇసుక పోసి దట్టించడం. పలక కంపించబోతే ఇసుక రేణువులు ఒకదానితో ఒకటి రాసుకుని ఆ శక్తిని వేడిగా మార్చేస్తాయి. బరువూ పెరుగుతుంది, మోత కూడా చస్తుంది. ఇంతకన్నా చవకైన ఉపాయం ఇంకొకటి రాలేదేమో. 1954లో లండనులోని రాయల్ ఫెస్టివల్ హాలులో, మరుసటి ఏడు న్యూయార్కులోని కార్నెగీ హాలులో, వాద్యకారులను వేదిక మీద కూర్చోబెట్టి, అసలు వాద్యాన్నీ స్పీకరు శబ్దాన్నీ ఒకదాని వెంట ఒకటి వినిపించి సభికులనే తేల్చుకోమన్నాడు. అంత ధైర్యం ఇప్పటి పెద్ద సంస్థలకు ఉందా అని నాకు అనుమానం.

అదే 1954లో, అట్లాంటిక్ అవతల, ఎడ్గర్ విల్చర్ అనే అధ్యాపకుడు పెట్టె పరిమాణాన్నే కిందికి లాగేశాడు. అప్పటివరకు స్పీకరు శంకువును వెనక్కి లాగే పని దాని అంచునున్న గట్టి మడతలది. ఆ మడతలు ఎక్కువగా సాగినప్పుడు సమంగా లాగవు, అపశ్రుతి పుడుతుంది. విల్చర్ ఆ మడతలను వదులు చేసేసి, లాగే పనిని మూసిన పెట్టెలోని గాలికి అప్పగించాడు. గాలి మంచి స్ప్రింగు. ఎంత నొక్కితే అంత సమంగా తిరగబడుతుంది. మొదటి నమూనాకు మెత్తటి అంచు కావలసివస్తే, పరుపులకు వాడే గుడ్డను కత్తిరించి కుట్టిపెట్టింది ఆయన భార్య రోజ్‌మేరీ. ఈ ఉపాయాన్ని కొనమని విల్చర్ పెద్ద సంస్థలను అడిగితే ఎవరూ తీసుకోలేదు. ఆయన దగ్గర చదువుకున్న హెన్రీ క్లాస్ అనే కుర్రవాడు అప్పటికే కేంబ్రిడ్జిలో స్పీకరు పెట్టెలు చేసి అమ్ముతున్నాడు, వడ్రంగి పనిముట్లూ చోటూ అతనివి. ఇద్దరూ కలిసి అకౌస్టిక్ రీసెర్చ్ సంస్థ పెట్టి ఏఆర్-1 తెచ్చారు. బీరువాలంత పెట్టెలు రాజ్యమేలుతున్న రోజుల్లో, అరలో పట్టే పెట్టెలోంచి అంతకన్నా లోతైన మంద్రం వినిపించేసరికి జనం నివ్వెరపోయారు. విల్చర్‌కు 1956లో పేటెంటు దక్కింది. ఒక పోటీ సంస్థ దాన్ని సవాలు చేసినప్పుడు, ఆర్‌సీఏ సంస్థలో హ్యారీ ఓల్సన్ బృందం 1949లోనే తీసుకున్న పేటెంటు అడ్డొచ్చి అది నిలవలేదు. విల్చర్ పైకోర్టుకు పోలేదు. ఉపాయం అందరి సొత్తయింది.

మన అడ్డబద్దల కథకు అసలు మలుపు ఇదే. పెట్టె చిన్నదయ్యేకొద్దీ లోపలి గాలి మీద ఒత్తిడి పెరుగుతుంది, ఆ ఒత్తిడిని మోయవలసింది గోడలు. నా పెట్టెకే లెక్క వేసి చూశాను. పన్నెండంగుళాల శంకువు వైశాల్యం సుమారు 500 చదరపు సెంటీమీటర్లు. అది ఒక సెంటీమీటరు లోపలికి కదిలితే అరలీటరు గాలి నొక్కుకుంటుంది. 60 లీటర్లలో అరలీటరు అంటే లోపలి పీడనం వాతావరణ పీడనం కన్నా 1.2 శాతం దాకా పెరుగుతుంది. ఇంతేనా అనిపిస్తుంది కదా? 40 సెంటీమీటర్ల చదరపు పలక మీద ఆ 1.2 శాతం విలువ దాదాపు 19 కిలోల బరువు. అంటే ఒక చంటిపిల్లవాడు కాదు, నాలుగైదేళ్ళ పిల్లవాడు, ఒక్కొక్క గోడ మీదా, సెకనుకు ముప్పయిసార్లు ఎక్కి దిగుతున్నట్లు. ఎక్కినప్పుడు బయటికి తోస్తాడు, దిగినప్పుడు లోపలికి లాగుతాడు.

పద్దెనిమిది మిల్లీమీటర్ల ప్లైవుడ్ ఈ తోపుకు నడిమధ్యలో వెంట్రుక మందంలో సగం మేర ఉబ్బుతుందని నా లెక్క. వెంట్రుకలో సగం ఏపాటి అని కొట్టిపారేయవచ్చు. కానీ ఆరు గోడల వైశాల్యం కలిపితే శంకువు వైశాల్యానికి సుమారు పందొమ్మిది రెట్లు. అంత పెద్ద ఒళ్ళు అంత కొంచెం కదిలినా చెవికి అందేటంత శబ్దం పుడుతుంది.

*

పెట్టె లోపలి గాలికి గణితం తెచ్చినవాడు ఆస్ట్రేలియా ఇంజనీరు నెవిల్ థీల్. కన్నమున్న పెట్టెను విద్యుత్ ఫిల్టరుగా భావించి, స్పీకరు లక్షణాలు నాలుగైదు తెలిస్తే పెట్టె కొలతలు పట్టికలోంచి ఎత్తి రాసుకునేలా చేశాడు. ఆ పత్రం 1961లో ఆస్ట్రేలియాలోని ఒక ఇంజనీర్ల పత్రికలో వచ్చింది. లోకం దాన్ని పదేళ్ళు పట్టించుకోలేదు. సిడ్నీ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్న రిచర్డ్ స్మాల్ దాని విలువ గుర్తించాడు. 1971లో అమెరికాలోని ఆడియో ఇంజనీర్ల సంఘం పత్రిక దాన్ని పునర్ముద్రించింది, ఆ వెంటనే 1972, 73లలో స్మాల్ సొంత పత్రాలు వచ్చాయి. నేడు ఏ స్పీకరు కొన్నా కూడా వచ్చే కాగితం మీద ఉండే అంకెలను థీల్-స్మాల్ పరామితులంటారు. ఒక మూల అచ్చయిన మంచి రచన పదేళ్ళ తర్వాత కళ్ళబడడం మనలాంటివారికి కొంత ఊరట కలిగించే విషయమే!

అయితే థీల్ లెక్కల్లో పెట్టె గోడలు కదలవు. గోడలు రాతివి అనుకుని వేసిన లెక్క అది. సొంతంగా పెట్టె కట్టేవారు కొలతలు అచ్చు గుద్దినట్లు పాటించి కూడా "మోత వస్తోందేమిటి?" అని తల పట్టుకోవడానికి కారణం ఇక్కడుంది. గోడల సంగతి మీద అసలు వాదం 1970లలో జరిగింది.

బీబీసీ పరిశోధన విభాగంలో హార్‌వుడ్, మాథ్యూస్ 1977లో స్పీకరు పెట్టెల మీద ఒక నివేదిక ఇచ్చారు. వారి వాదన దుకాణదారుడి సలహాకు పూర్తిగా వ్యతిరేకం. మందపు చెక్క కంపనాన్ని ఆపదు, దాన్ని పై పౌనఃపున్యానికి తోస్తుంది. మాటలు, పాట వినపడే చోటికి, అంటే చెవి అతి సున్నితంగా ఉండే చోటికి. అందుకు బదులు పలచని బర్చ్ ప్లైవుడ్ వాడి, లోపలి వైపు తారు అట్టలు దట్టంగా అంటించమన్నారు. పలక సహజ పౌనఃపున్యం కిందికి దిగుతుంది, మోగబోయే మోతను తారు మింగేస్తుంది. ఈ పద్ధతిలో పుట్టిన ఎల్ఎస్3/5ఏ అనే బుల్లి స్పీకరు ప్రసార వాహనాల్లో వాడుకకు తయారై లోకప్రసిద్ధమైంది. దాని మూలల్లో బిగించే చిన్న బద్దలు బీచ్ కర్రవి కావాలి. వాటి బదులు పరానా పైన్ వాడితే శబ్దం తేడా వచ్చిందని బీబీసీవారే నమోదు చేశారు. వేలెడు బద్ద మారితే అంత తేడా!

నా మిత్రుడి తారు అట్ట అక్కడినుంచి వచ్చింది. అయితే ఆ వైద్యం ఏ రోగానికి? మాట నుంచి తాళం దాకా అన్నీ పలికే స్పీకరుకు. దానికి మోత తప్పించుకునే చోటే లేదు. పలక సహజ పౌనఃపున్యం ఎక్కడున్నా సంగీతం దాన్ని తట్టి లేపుతుంది, కనుక మోతను చంపడమే దారి. సబ్‌వూఫరు సంగతి వేరు. అది పలికేది 20 నుంచి 80 హెర్ట్జ్ దాకానే. 1974లో ఎర్త్‌క్వేక్ చిత్రానికి సెన్‌సరౌండ్ పేరుతో హాలు అదిరే పెట్టెలు అమర్చినప్పుడు గానీ, 1992లో డాల్బీ డిజిటల్ వచ్చి మంద్రానికి విడిగా ఒక దారి ఏర్పడినప్పుడు గానీ, ఈ పెట్టె పని అదొక్కటే. దీని పలకలను 80 హెర్ట్జ్‌కు వీలైనంత ఎత్తుకు తోసేస్తే, వాటిని తట్టి లేపేవారే ఉండరు. ఇక్కడ కావలసింది దృఢత్వం.

పలకలు ఎలాగూ అంతకన్నా పైనే ఉంటాయి కదా అని మీరు అడగవచ్చు. నిజమే, నా పెట్టెలో ఒక్కో పలకకు సహజ పౌనఃపున్యం లెక్కకు 350 హెర్ట్జ్ చిల్లర వచ్చింది. అయితే ఏ స్పీకరూ శుద్ధంగా పలకదు. 40 హెర్ట్జ్ వాయించమంటే 80, 120, 160 కూడా కొద్దికొద్దిగా కలుపుతుంది, గట్టిగా వాయిస్తే ఆ వరుస పైదాకా పాకుతుంది. అందులో ఒకటి పలకకు తగిలితే చాలు. 80 హెర్ట్జ్ కింద శబ్దం ఏ మూలనుంచి వస్తోందో మన చెవి పోల్చుకోలేదు. 300 దగ్గర మాత్రం ఇట్టే పోల్చుకుంటుంది. పెట్టె తాను ఏ మూలన ఉందో తానే చెప్పేస్తుంది.

మందమా, అడ్డబద్దా? చదరపు పలక మందాన్ని రెండింతలు చేస్తే సహజ పౌనఃపున్యం రెండింతలౌతుంది, ఉబ్బడం ఎనిమిదో వంతుకు తగ్గుతుంది, బరువూ ఖర్చూ రెండింతలౌతాయి. అదే పలకను నడిమికి ఒక దృఢమైన అడ్డబద్దతో విడదీస్తే పౌనఃపున్యం రెండున్నర రెట్లు, ఉబ్బడం సుమారు ఆరో వంతు. పెరిగే బరువు ఒక బద్దది. నా మట్టుకు వాదం ఇక్కడ తీరిపోయింది.

ఈ తర్కాన్ని చివరిదాకా తీసుకుపోయింది ఇంగ్లండులోని బీ అండ్ డబ్ల్యూ సంస్థ. అక్కడి ఇంజనీరు లారెన్స్ డికీ రూపొందించిన మాట్రిక్స్ పద్ధతితో 1987లో కొత్త 801 స్పీకరు వచ్చింది. దాని లోపల సోడాబుడ్ల పెట్టెలో అరల్లా, ఒకదానిలో ఒకటి గుచ్చిన పలకల వల. గాలి ఆడడానికి ప్రతి అరకూ కన్నాలు. ఏ గోడకూ చేయిచాచితే అందనంత ఖాళీ లేదు.

బద్దలే లేకుండా ఇదే ఫలితం సాధించిన వస్తువు మన ఊళ్ళలో ఒకటుంది. టేపురికార్డరు స్పీకరును మట్టికుండ మూతి మీద బోర్లించి వాయించడం చాలామంది చూసే ఉంటారు. నవ్వుతాం గానీ, అందులో శాస్త్రం ఉంది. బల్లపరుపు పలక వంగుతుంది. గుండ్రటి గోడ వంగలేదు, సాగాలి, సాగడం చాలా కష్టం. అమెరికాలో కొందరు కాంక్రీటు స్తంభాలు పోసే గుండ్రటి అట్టగొట్టాలతో సబ్‌వూఫర్లు చేసుకున్నదీ ఇదే బలంతో. కుండకున్న లోపం ఒక్కటే, 60 లీటర్లది కావాలంటే కాగు కావాలి, దాని మూతికి స్పీకరును గాలి చొరకుండా అతికించడం ఒక యజ్ఞం.

*

ఇక నా పెట్టె. 710 రకం ప్లైవుడ్, పద్దెనిమిది మిల్లీమీటర్లది. లోపలి కొలతలు 40, 40, 37.5 సెంటీమీటర్లు. బద్దలు పట్టే చోటుకు స్పీకరు వెనక భాగాన్నీ కలిపి, ఆ మేరకు లోతు పెంచాను. మధ్యలో ఒక కిటికీ పలక, అంటే నాలుగు పెద్ద కన్నాలు కోసిన పూర్తి పలక, నాలుగు గోడలనూ ఒకేసారి పట్టుకుంటుంది. దాన్ని సరిగ్గా నడిమిన పెట్టలేదు, ఒకవైపు కొంచెం జరిపాను. రెండు భాగాలూ సమానమైతే రెండింటికీ ఒకే స్వరం వచ్చి వంత పాడుకుంటాయి. వెనక గోడ నుంచి ముందు పలక దాకా రెండు బద్దలు. మూసిన పెట్టెలో ఎదురెదురు గోడలు ఒకేసారి బయటికి ఉబ్బుతాయి, ఒకేసారి లోపలికి పీలుస్తాయి. వాటి మధ్య ఒక కర్ర కలిపితే సమవుజ్జీలు తాడు లాగుతున్నట్లే, అటు 19 కిలోలు, ఇటు 19 కిలోలు, తాడు కదలదు.

అతుకులకు జిగురే ప్రాణం. స్క్రూలు జిగురు ఆరేదాకా పట్టి ఉంచడానికే. అన్ని మూలలూ లోపలినుంచి మళ్ళీ ఒకసారి జిగురు పూసి గాలి సందులు మూశాం. వడ్రంగికి లెక్కలు చెప్పలేదు. కిటికీ పలక దించకముందు ఒకసారి, దించి ఆరాక ఒకసారి పక్కగోడను పుచ్చకాయ తట్టినట్లు తట్టి చూడమన్నాను. మొదట "డుబ్" అంది, తర్వాత "టక్" అంది. అతను రెండోసారి తట్టి, ఏమీ అనకుండా, ముందు పలకకు వేయవలసిన బద్దలను తనే అడిగి అందుకున్నాడు. చాలామంది తట్టిచూసినప్పుడు "డుబ్" అన్న మెత్తటి చప్పుడునే మంచి పెట్టెకు గుర్తు అనుకుంటారు. బీబీసీ రకం పెట్టెకు అది గుర్తే. సబ్‌వూఫరుకు "టక్" కావాలి.

ఇప్పుడు బ్రిగ్స్ ఇసుక పలక ఒకటి చేసి పోల్చిచూడాలని ఉంది. ఐదు గోడలకు అంగుళం మందాన ఇసుక పోస్తే, ఇసుకే 32 కిలోలు తూగుతుంది. ఇల్లు మూడో అంతస్తులో, లిఫ్టు లేదు. కిందింటివారిని ఇప్పటికే కొంత మంచి చేసుకోవలసి ఉంది.